అప్‌డేట్: డి విటమిన్ రోజూ వేసుకున్న క్లయింట్ సంగతి

కూకట్‌పల్లిలో నా దగ్గర ఫిట్‌నెస్ కోచింగ్ తీసుకునే ఆవిడ, వారానికొకటి వేసుకోవాల్సిన 60,000 యూనిట్ల డి విటమిన్ సాషేని రోజూ పాలల్లో కలుపుకుని తాగుతున్నారని, ఏం చెప్పాలని అడిగాను కదా. మీరన్నట్టే ఆపమని, ఆ రోజే డాక్టర్ దగ్గరికి పంపాను. రక్తంలో కాల్షియం ఎక్కువే ఉంది. ఇంకా ఆలస్యమైతే కిడ్నీల మీద పడేదట. ఇప్పుడు వికారం తగ్గింది, నాకూ టెన్షన్ తగ్గింది.

నిన్న ఆవిడ తను వాడే విటమిన్ డబ్బాలన్నీ క్యారీబ్యాగ్‌లో తెచ్చి టేబుల్ మీద పోశారు. మల్టీవిటమిన్‌లోనూ డి, కాల్షియం బిళ్లలోనూ డి! మన తార్నాకలోని ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) అరవై ఏళ్లలోపు పెద్దవాళ్లకు చెప్పేది రోజుకు 600 యూనిట్లే. లేబుళ్లు పక్కపక్కన పెట్టి లెక్క ఆవిడ చేతే వేయించాను. జుట్టుకని వాడే బయోటిన్ వల్ల థైరాయిడ్ టెస్టు తప్పుగా రావచ్చని కూడా చెప్పాను. ఏది ఉంచాలో, ఏది మానాలో మాత్రం డాక్టర్‌నే అడగమన్నాను. శనివారం ఆ సంచీతోనే వెళ్తున్నారు.