మొదటి విమానం: ఇంట్లో కట్టాలా, రెడీమేడ్ కొనాలా?

ఒంగోలు మేనమామ:
మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి అయిపోయి ఎండాకాలం సెలవులకు నా దగ్గరికి వస్తున్నాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, బ్యాటరీ మోటారుతో ఎగిరే రిమోట్ విమానం. నాలుగు ఫ్యాన్ల డ్రోన్ కాదు, రెక్కలున్న విమానమే. చేతిలో 15 వేలు ఉన్నాయి. ఇప్పటిదాకా గాలిపటం తప్ప ఏదీ ఎగరేసిన వాళ్లం కాదు. అన్నీ బిగించి అమ్మేది కొనాలా, ఫోమ్ బోర్డు కోసి ఇంట్లోనే కట్టుకోవాలా? ఎగరేసేది కొత్తపట్నం బీచ్‌లో అనుకుంటున్నాం.

పెన్నాఒడ్డు, నెల్లూరు:
కొనండన్నా, ఇంకో ఆలోచన వద్దు. కట్టడం ఒక విద్య, ఎగరేయడం ఇంకో విద్య. రెండూ ఒకేసారి మొదలుపెడితే, విమానం ముక్కు నేలకి గుద్దుకున్నప్పుడు తప్పు చేతిదా రెక్కదా అన్నది తేలదు. నేను వరసగా మూడు కట్టాను. ఒక్కటీ పది సెకన్లు గాల్లో నిలవలేదు. విసుగు పుట్టి నాలుగోది కొన్నాను. పెన్నాలో ఇసుక మేట మీద మొదటి రోజే ఆరు నిమిషాలు తిప్పాను. నా చేతులకేం కాలేదని, వంకరంతా నేను కట్టిన రెక్కల్లోనే ఉందని అప్పుడు తెలిసింది. కొనేవాటిలో చాలావాటికి గైరో కూడా ఉంటుంది, గాలికి రెక్క వాలితే అదే సరిచేసుకుంటుంది.

థర్మోకోల్ మామ, సింగరాయకొండ:
ఆయన కథ నాకు తిరగబడి కనిపిస్తోంది. మూడు కట్టి మూడు పోగొట్టుకున్నాడు కాబట్టే నాలుగోది ఎగరేయగలిగాడు!

మేనమామ గారూ, రెడీమేడ్ విమానం మొదటి వారంలోనే ముక్కు విరుగుతుంది, అందులో అనుమానం లేదు. ఆ ముక్కు ఆ మోడల్‌దే కావాలి. ఒంగోలు ట్రంక్ రోడ్డంతా తిరిగినా దొరకదు. ఆర్డర్ పెట్టి వచ్చేదాకా చూస్తూ కూర్చుంటే పిల్లాడి సెలవులు అయిపోతాయి. ఫోమ్ బోర్డుదైతే పొద్దున విరిగింది సాయంత్రానికి గ్లూ గన్‌తో అతుక్కుంటుంది. పైగా 2022 ఫిబ్రవరిలో డ్రోన్ల దిగుమతి నిషేధించారు, విడిభాగాలకు మాత్రం ఆ నిషేధం లేదు. బయటినుంచి బిగించిన సెట్ తెప్పించి, ఇది డ్రోనా విమానమా అని ఎవరితోనో వాదించుకునే తలనొప్పి మీకెందుకు?

సామాను ఇది: 2212 మోటారు 1000 కేవీది, మోటారు వేగాన్ని అదుపు చేసే 30 ఆంప్స్ ఈఎస్‌సీ, 10 అంగుళాల ప్రొపెల్లర్, రెక్కల, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు, అంటే 9 గ్రాముల సర్వోలు నాలుగు, 2200 ఎంఏహెచ్ మూడు సెల్లుల లైపో బ్యాటరీ, 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్. విమానం పోయినా ఇవి పోవు. పీకి ఇంకో దాంట్లో పెట్టుకోవడమే. నా మోటారు ఇప్పటికి ఐదు విమానాలు మారింది.

పెన్నాఒడ్డు:
మామా, మీ గ్లూ గన్ సంగతి నన్ను చెప్పమంటారా? మే నెల మధ్యాహ్నం కారులో పెట్టిన విమానం తీసేసరికి జిగురు మెత్తబడి, మోటారు బిగించిన ప్లైవుడ్ ముక్క చేతిలోకి వచ్చేసింది. అదీ మీ ఊళ్లోనే.

థర్మోకోల్ మామ:
ఆ ముక్కకి ఎపాక్సీ జిగురు పెట్టమని ముందే చెప్పాను, వినలేదు.

కావలి లెక్కల సారు:
ఇద్దరూ బరువు సంగతి వదిలేశారు. కట్టేవాళ్ల విమానాలు ఎక్కువగా పడేది అక్కడే. మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు రెక్క అనుకోండి. బ్యాటరీతో సహా మొత్తం 750 గ్రాముల్లో ఉంటే కొత్తవాళ్లకు హాయి. మామ చెప్పిన మోటారు 800 గ్రాముల దరిదాపుల్లో లాగుతుంది, చాలు. 1000 కేవీ అంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు, ప్రొపెల్లర్ లేకుండా. కేవీ ఎక్కువైతే బలం ఎక్కువని మా పిల్లలు పొరపడుతుంటారు. అది వేగం లెక్క. కేవీ పెరిగేకొద్దీ ప్రొపెల్లర్ చిన్నది వేయాలి, లేకపోతే మోటారు మాడుతుంది.

రెండోది బ్యాలెన్స్ పాయింటు. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు దగ్గర, అంటే ఈ రెక్కకి 5 సెంటీమీటర్ల దగ్గర, కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే ముక్కు కాస్త కిందికి వాలాలి. తోక వాలితే బ్యాటరీ ముందుకు జరపండి. పెన్నాఒడ్డు గారి మూడు విమానాలూ ఇక్కడే పోయి ఉంటాయని నా అనుమానం. తోక బరువుని ఏ గైరో మోయలేదు.

పెన్నాఒడ్డు:
ఒకటి అక్కడే పోయింది సార్, ఒప్పుకుంటాను. కానీ కొన్నదాంట్లో బ్యాటరీ ఎక్కడ పెట్టాలో గాడి చేసే ఇస్తారు. మొదటి రోజే ఈ లెక్కలన్నీ పిల్లాడికెందుకు?

విడవలూరు ఆక్వా:
మీరు విమానం గురించి కొట్టుకుంటున్నారు, గాలి గురించి ఎవరూ మాట్లాడరేం? బీచ్ అనగానే ఖాళీగా ఉంటుంది కదా అనుకుంటారు. ఎండాకాలంలో పొద్దెక్కేసరికి సముద్రపు గాలి అందుకుంటుంది. ముప్పావు కిలో ఫోమ్‌ని అది ఒడ్డు మీద ఉండనివ్వదు. ఇసుక ఇంకో బాధ. మన తీరంలో నల్ల ఇసుక ఉంటుంది చూడండి, దాంట్లోని ఇనుప రజను మోటారు అయస్కాంతాలకి పట్టేస్తుంది. ఒక్కసారి ముక్కు గుచ్చుకుంటే చాలు, ఇంటికొచ్చి టూత్‌బ్రష్‌తో గంటసేపు తోముకోవాలి. నేను అనుభవించాను. రొయ్యల గుంటల వైపు అసలు పోవద్దు. ఏరేటర్లకి లాగిన కరెంటు వైర్లు ఎక్కడ ఉంటాయో దూరం నుంచి కనపడవు.

పొగాకు మోళ్లు దున్నేసిన చేను చూసుకోండి, ఆ రైతుని అడిగి. పొద్దున ఆరు నుంచి ఏడున్నర లోపల. చుట్టూ సర్కారు తుమ్మ లేకుండా.

ఒంగోలు మేనమామ:
అందరికీ దండాలు. వాడు మామ గారి వైపు తిరిగాడు, కట్టడమే అంటున్నాడు. ఫ్లెక్సీలు కొట్టే షాపులో 5 ఎంఎం సన్‌బోర్డు దొరికింది, తెచ్చేశాం. పైన కాగితం లేదు, నున్నగా, గట్టిగా ఉంది. సరిపోతుందా?

కావలి లెక్కల సారు:
వద్దు! సన్‌బోర్డు అంటే పీవీసీ. కాగితం పొరలున్న ఫోమ్ బోర్డు కన్నా చాలా బరువు. ఆ విమానం 1250 గ్రాములు తూగిందనుకోండి, పడిపోకుండా నిలవాలంటే 750 గ్రాముల దానికన్నా 30 శాతం దాకా ఎక్కువ వేగం ఉండాలి. కొత్త చేతికి ఆ వేగంలో ఆలోచించే టైమే ఉండదు.

థర్మోకోల్ మామ:
దాంతో పిల్లాడికి పరీక్ష అట్ట చేసివ్వండి. రెక్కలు V ఆకారంలో కాస్త పైకి లేచేలా, విమానం ఒంటికి పైభాగంలో కూర్చునేలా కట్టండి. వాలినా తనే లేస్తుంది. అదే పేదవాడి గైరో. ఇంట్లో మోటారు పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయండి. మోటారు వెనక్కి తిరుగుతుంటే మూడు వైర్లలో ఏవైనా రెండు మార్చండి.

విడవలూరు ఆక్వా:
లైపోని బండి డిక్కీలో ఎండలో వదలొద్దు. ఒక్కో సెల్లు 3.5 వోల్టులకి వచ్చేసరికి విమానాన్ని దించేయండి. వారం దాకా ఎగరేయకపోతే సెల్లుకి 3.8 దగ్గర ఉంచండి, ఫుల్ చార్జిలో పెడితే ఉబ్బుతుంది. చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. ఇంకో మాట, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం సరదాకి కంటి ఎదురుగా ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లకు టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్‌కి ప్రభుత్వ ఆమోద పత్రం, అక్కర్లేదు గానీ, ప్రభుత్వ డ్రోన్ మ్యాప్ డిజిటల్ స్కైలో మీ చేను ముందస్తు అనుమతి అక్కర్లేని ఆకుపచ్చ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి. అందులోనూ 400 అడుగులు దాటొద్దు. దొనకొండలో బ్రిటిష్ కాలం నాటి రన్‌వే ఉంది కదా అని దూరే రకం కూడా ఉన్నారు మన జిల్లాల్లో!

ఒంగోలు మేనమామ, మూడు వారాల తర్వాత:
ఎగిరింది! తూకం 790 గ్రాములు. మొదటి మూడుసార్లు విసరగానే ఎడమకి తిరిగి చేలో పడింది. నాలుగోసారి రెండు నిమిషాలు గాల్లో ఉంది. నా వైపు తిరిగి వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారై, టెన్షన్‌లో రిమోట్ పుల్ల అటు నొక్కాల్సింది ఇటు నొక్కాను. జామాయిల్ తోటలో పడింది. రెక్క రెండు ముక్కలు. మామ గారు చెప్పినట్టే సాయంత్రానికి అతికింది.

పెన్నాఒడ్డు:
మూడు వారాల పని, రెండు నిమిషాల ఎగురుడు. నేనేం చెప్పాను? ఎదురొచ్చేటప్పుడు ఏ రెక్క వాలితే పుల్ల ఆ రెక్క వైపే నొక్కాలి, దానికి ఆసరా ఇచ్చినట్టు. అది చేతికి రావాలంటే గంటలు గంటలు గాల్లో ఉండాలి, గ్లూ గన్ దగ్గర కాదు.

థర్మోకోల్ మామ:
రెండు నిమిషాలు ఎగిరింది వాళ్లు కట్టిందే కదయ్యా. నీ మూడూ కలిపితే అర నిమిషం లేదు.

ఒంగోలు మేనమామ:
అసలు సంగతి వేరే ఉంది. రిమోట్ చేతికిస్తే వాడు పట్టుకోవడం లేదు, రెండో రెక్కకి కొలతలు గీసుకుంటున్నాడు. ఎగరేసే పిచ్చి నాదేనని తేలింది. పెన్నాఒడ్డు గారూ, మీ పాత రెడీమేడ్ ఏమన్నా అమ్ముతారా?

పెన్నాఒడ్డు:
అమ్మనన్నా. ఆదివారం పొద్దున తీసుకొస్తాను, రెండు రిమోట్లకి కలిపే ట్రైనర్ కేబుల్ కూడా తెస్తాను. మీ చెయ్యి తప్పితే నేను అందుకుంటాను. ముక్కు విరిస్తే మాత్రం ఆ ముక్కు ఎక్కడ దొరుకుతుందో మీరే వెతకాలి.