సమస్యాపూరణం: అంటఁగట్టువాఁడె యాప్తుఁ డయ్యె

నిర్వాహకుడు:
నిన్న దారిలో ఒకతను నా చొక్కా జేబులో తనే పెన్ను గుచ్చి, "మీకోసమే చేసినట్టుంది సార్" అన్నాడు. ఆ పెన్ను రాయలేదు గానీ సమస్య మాత్రం ఇచ్చింది. అమ్మడానికి మనకు మాటలు చాలా ఉన్నాయి. వద్దన్నా వెంటబడి చేతిలో పెట్టేస్తే మాత్రం అది అంటగట్టడమే, అంటుకునేలా కట్టేయడం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి, కానివ్వండి.

అంటఁగట్టువాఁడె యాప్తుఁ డయ్యె

తీరికపక్షి:
వలదు వలదటంచు వదలించుకొనఁబోవ
గొడుగు చేతఁ బెట్టి కూడ వచ్చె;
వాన కురిసె, నంత వాఁడె దైవము గాదె!
అంటఁగట్టువాఁడె యాప్తుఁ డయ్యె

చాదస్తం:
గొడుగు బాగుంది. మూడో పాదంలో వాఁడె, నాలుగో పాదంలో మళ్ళీ వాఁడె. ఒక్క గొడుగు కింద ఇద్దరా?

తీరికపక్షి:
వాన పెద్దది లెండి.

నీలాంబరి:
సరుకే అంటగట్టాలా? నింద కూడా అంటగడతాం కదా.

మణిని దొంగిలించె మాధవుం డని నింద
వేసె సత్రజిత్తు, వెనుకఁ దెలిసి
కూఁతు నిచ్చి తానె కోరి మామయు నాయె;
అంటఁగట్టువాఁడె యాప్తుఁ డయ్యె

నిర్వాహకుడు:
భేష్! నేను జేబులో పెన్ను దగ్గరే ఆగిపోయాను, మీరు శమంతకమణి దాకా వెళ్ళారు. ప్రసేనుణ్ణి చంపి మణి కాజేశాడని కృష్ణుడి మీద నింద మోపినవాడే చివరికి సత్యభామనిచ్చిన మామ. ఈ సమస్యకు ఇంతకంటే ఆప్తుడు దొరకడు.

చాదస్తం:
మెలికకు జోహార్లు. కానీ ఈ సత్రజిత్తు ఎవరండీ? నాకు తెలిసినాయన సత్రాజిత్తు. పోయిన నెల నేను 'విభిషణుఁడు' అని రాస్తే, "రావణుడు కూడా తమ్ముణ్ణి ఇంత కుదించలేదు" అన్నది తమరే కదా!

నీలాంబరి:
నేనే. అప్పుడు మీరు అచ్చుతప్పన్నారు. నేను మాత్రం తప్పేనంటున్నాను. 'వేసె సత్య తండ్రి' అని సవరిస్తున్నాను.

తీరికపక్షి:
గణాలు కుదిరాయి గానీ గుట్టు రట్టయింది. సత్య పేరు వినగానే మామ ఎవరో రెండో పాదంలోనే తెలిసిపోతోంది.

చాదస్తం:
ఇక నాది. అమ్మకాలూ లేవు, నిందలూ లేవు. ఉన్నదల్లా విరుపే, మాటను రెండుగా విడగొట్టడం.

ఏటిలోకి దూకి యెగిరిపడిన వాని
చేయి పట్టి లాగి చేర్చె దరికి;
నిలువలేఁడు నీట, నిపుణుఁ డీఁత కతఁడు
అంట, గట్టువాఁడె యాప్తుఁ డయ్యె

నీలాంబరి:
అంటఁగట్టులోని అరసున్న ఏట్లో కొట్టుకుపోయిందా? అంటన్ + కట్టు, ద్రుతం ఉంది గనకే అక్కడ క కాస్తా గ అయింది. పైగా 'అతఁడు' పక్కన 'అంట' విడిగా ఎలా నిలుస్తుంది? ఉత్వసంధి నిత్యం, 'అతఁడంట' కావాలి. సత్రాజిత్తు దీర్ఘం కొలిచిన చేత్తో ఇదీ కొలుచుకోవాల్సింది.

తీరికపక్షి:
గట్టువాడు మాత్రం బాగున్నాడండీ. 'ఎగిరిపడిన' కూడా.

నిర్వాహకుడు:
అరసున్న వదిలేద్దాం, విరుపులకు ఆ వెసులుబాటు ఎప్పుడూ ఇస్తున్నదే. సంధి సంగతి మాత్రం నిజం. ఇలా మారిస్తే యతి కూడా చెడదు:

నిలువలేఁడు నీట, నిజముగా నేర్పరి
యంట, గట్టువాఁడె యాప్తుఁ డయ్యె

చాదస్తం:
ధన్యోస్మి గురువుగారూ. విభిషణుఁడు మాత్రం నిజంగా అచ్చుతప్పే.