2024 నవంబర్ 5 అమెరికా ఎన్నికలకి ముందు సందేహం: రెండు పార్టీలకూ చెరో ఓటు వేయొచ్చా?

అందరికీ నమస్కారం. మాది పెన్సిల్వేనియా. నిరుడే సిటిజన్‌షిప్ వచ్చింది, అధ్యక్ష ఎన్నికల్లో ఇదే నా మొదటి ఓటు. 2020లో ఇక్కడ తేడా దాదాపు 80 వేల ఓట్లే కాబట్టి, రోజూ రెండు పార్టీల ఫోన్లూ, తలుపు కొట్టేవాళ్లూ.

నా టెన్షన్ ఏంటంటే, నేను ఏ పార్టీలోనూ పూర్తిగా ఇమడను. ఇద్దరు ఆడపిల్లల తల్లిని, అబార్షన్ విషయంలో డెమోక్రాట్ల మాటే నాకు సరైనదనిపిస్తుంది. పన్నుల దగ్గరికొచ్చేసరికి రిపబ్లికన్లు చెప్పేది నచ్చుతుంది. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితిని మాత్రం ఇద్దరూ తేల్చింది లేదు. మా తమ్ముడు ఇంకా ఆ క్యూలోనే ఉన్నాడు. రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య ఉషా వాళ్లవి మన గోదావరి మూలాలని మా అత్తయ్య ఒకటే ఫోన్లు. ఊరు చూసి ఓటేస్తామా!

అందుకే అధ్యక్ష పదవికి డెమోక్రాట్ హారిస్‌కీ, సెనేట్‌కి రిపబ్లికన్ మెకార్మిక్‌కీ వేద్దామనుకుంటున్నా. ఒకే గుర్తుతో పార్టీ మొత్తానికీ ఓటేసే పద్ధతిని ఇక్కడ 2019 చట్టంతో తీసేశారట. మీలో ఎవరైనా ఇలా విడదీసి వేశారా? తర్వాత బాధపడ్డారా?

ఇంకోటి, పోస్టల్ బ్యాలెట్‌ని లోపలి కవర్లో పెట్టకపోతే చెల్లదంటున్నారు. సంతకం, తేదీ బయటి కవర్ మీదేనా? వేసినవాళ్లు కాస్త చెప్పండి.