యుద్ధం నడుస్తున్న చోటే సినిమా తీయడం సబబేనా?

మిర్యాలగూడ సభ్యుడు:
ఆస్ట్రేలియా దర్శకుడు బెంజమిన్ గిల్మోర్ ‘జిర్గా’ (2018) చిత్రాన్ని పాకిస్తాన్‌లో తీయాలనుకున్నారు. అక్కడి గూఢచారి సంస్థ కథకు అడ్డుచెప్పడంతో పెట్టుబడిదారు తప్పుకున్నారు. ఆయన అక్కడే ఒక చిన్న కెమెరా కొని, నటుడు సామ్ స్మిత్‌తో కలిసి యుద్ధం ఆగని అఫ్గానిస్తాన్‌కు వెళ్లి, స్థానికులతో వేషాలు వేయించి సినిమా పూర్తిచేశారు. తన చేతిలో చనిపోయిన పౌరుడి కుటుంబాన్ని వెతుక్కుంటూ ఒక మాజీ సైనికుడు తిరిగివచ్చి, ఊరి పెద్దల పంచాయితీ (జిర్గా) ముందు నిలబడటం కథ. ఇలా తీయవచ్చా?

నల్లగొండ సభ్యుడు:
తీయకూడదంటాను. దర్శకుడు తన ప్రాణానికి తెగించారు, అది ఆయన ఇష్టం. కానీ షూటింగ్ ముగిశాక ఆయన విమానమెక్కి వెళ్లిపోగలిగారు, ఆయన కెమెరా ముందు కూర్చున్నవారికి ఉండేది ఆ దేశంలోనే. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమయ్యాక, తెరకెక్కిన ముఖాన్ని ఎవరు చెరపగలరు?

మన జిల్లావాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చాక కూడా 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో, దళానికి ఒక పూట అన్నం పెట్టారన్న అనుమానమే మనిషిని క్యాంపుకు ఈడ్చుకుపోవడానికి సరిపోయేది. ఆ రోజుల్లోనే ఎవరైనా ఇక్కడ సినిమా తీసి ఉంటే, గుడిసె ముందు సద్దిమూట అందిస్తూ కనిపించిన ఆడమనిషి గతి ఏమయ్యేది? గౌతమ్ ఘోష్ ఆ పోరాటం మీద ‘మా భూమి’ తీసింది దాదాపు మూడు దశాబ్దాల తర్వాత. అందులో నటించినందుకు పల్లెజనం రజాకార్లకు జడవాల్సిన పని లేకపోయింది.

పాలమూరు సభ్యురాలు:
అయ్యా, అన్నీ సద్దుమణిగేదాకా ఆగాలంటే ఇటలీ దర్శకుడు రొసెల్లినీ 1945 జనవరిలో ‘రోమ్, ఓపెన్ సిటీ’ మొదలుపెట్టేవారే కాదు. ఉత్తర ఇటలీ ఇంకా జర్మన్ల చేతిలోనే ఉంది. ముడి ఫిల్ముకే కటకట, మాటలన్నీ తర్వాత డబ్బింగ్ చెప్పించుకున్నవే.

ఇంకొక మాట. అఫ్గాన్ యుద్ధం మీద వచ్చే పెద్ద బడ్జెట్ చిత్రాల్లో అఫ్గాన్ మనిషి తుపాకి గురికి ఎదురుగా పరుగెత్తే ఆకారం మాత్రమే. ‘జిర్గా’లో తీర్పు చెప్పే అధికారం అతనిది. యుద్ధం మధ్యే బతుకుతున్నవారికి అపాయం దర్శకుడికన్నా బాగా తెలుసు. వారు ఒప్పుకున్నాక, మనం ఇక్కడ కూర్చొని కాదనడం పెత్తనమే.

నల్లగొండ సభ్యుడు:
రోమ్ నగరం 1944 జూన్ 4నే విముక్తమైంది, షూటింగ్ మొదలయ్యేసరికి యుద్ధం ఉత్తరానికి జరిగిపోయింది, కాబట్టి ఆ పోలిక ఇక్కడ నిలవదు. పెత్తనమన్న మాటకు మాత్రం జవాబు చెప్పాలి. వారు ఒప్పుకున్నది ఆ పూట షూటింగ్‌కు. ‘జిర్గా’ను ఆస్ట్రేలియా తన తరఫున ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల పోటీకి పంపింది. అంత దూరం వెళ్తుందని ముందే చెప్పి ఒప్పించి ఉంటే నా అభ్యంతరంలో సగం పోతుంది. టైటిల్స్‌లో పేర్లు వేయకుండా ఉండటానికి, భయమున్నవారిని వెనుక నుంచి తీయడానికి పెద్ద బడ్జెట్ ఏమీ అవసరం లేదు కదమ్మా.