చర్చ: క్లినిక్ వదిలేసి వీడియోలోనే చూస్తానంటే అది పశువైద్యమేనా?

యలహంక వెట్
తిరుపతిలో పశువైద్య డిగ్రీ, బీవీఎస్సీ చేశాను. బెంగళూరులో తొమ్మిదేళ్లుగా ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. వచ్చే నెలతో అది మానేసి వీడియో కన్సల్టేషన్ మాత్రమే చేద్దామనుకుంటున్నాను. చర్మం, తిండి, ప్రవర్తన, ఆపరేషన్ తర్వాత కుట్లు చూడటం, ముసలి కుక్కల గుండె జబ్బును గమనించడం, ఇంతవరకే. అర్జెంట్ అనిపిస్తే మందు రాయకుండా దగ్గర్లోని ఆస్పత్రికి పంపేస్తాను. తోటి డాక్టర్లు దీన్ని వైద్యం కాదంటున్నారు. మీరేమంటారు?

కె.ఆర్.పురం పిల్లులు
మొదలుపెట్టండి మేడం. మా పిల్లిని బుట్టలో పెట్టి టిన్ ఫ్యాక్టరీ దాటేసరికి నోట్లోంచి చొంగ కారుతుంది. క్లినిక్‌కి చేరాక అది భయమో జబ్బో ఎవరికీ తెలియదు.

చింతామణి రిటైర్డ్ డాక్టర్
అమ్మా, నేను చింతామణి, బాగేపల్లి వైపు 31 ఏళ్లు పనిచేశాను. ఒక్క మాట అడుగుతాను. చిగుళ్ల రంగు ఫోన్‌లో ఎలా చూస్తావు? ట్యూబ్‌లైట్ కింద ఒక రంగు, బాల్కనీలో ఒక రంగు. రక్తం తగ్గిందో లేదో చెప్పేది ఆ చిగురే.

యలహంక వెట్
సార్, చిగురు పక్కన తెల్ల కాగితం పెట్టమంటాను. వేలితో నొక్కి వదలమంటాను. తెల్లబడిన చోటుకి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. అది వీడియోలో బాగానే కనిపిస్తుంది. ఇంకోటి, కుక్క నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో యజమానే లెక్కపెట్టగలరు. మామూలుగా 30 లోపు ఉంటుంది. క్లినిక్ టేబుల్ మీద భయంతో రొప్పే కుక్క దగ్గర ఆ లెక్క నాకెప్పటికీ దొరకదు.

చింతామణి రిటైర్డ్ డాక్టర్
నొక్కేది ఎవరి వేలు? యజమానిది. ఎంత గట్టిగా నొక్కాడో నీకేం తెలుసు? చిగురు జిగటగా ఉందా, తడిగా ఉందా? అది వేలికే తెలుస్తుంది.

బొమ్మనహళ్లి
కాలిఫోర్నియాలో వీడియోలో చూసి కూడా జంతువుకి వైద్యం మొదలుపెట్టవచ్చని చట్టం చేశారు, 2024 నుంచి అమల్లో ఉంది. ఇక్కడ ఎందుకు కాకూడదు?

చింతామణి రిటైర్డ్ డాక్టర్
ఆ రాష్ట్రం సంగతి వదిలెయ్యండి. నేను చిగుళ్ల గురించి అడిగాను.

చిన్ని వాళ్లమ్మ
చిగుళ్ల గురించే కదా, నేను చెబుతాను. మా చిన్ని ల్యాబ్రడార్, ఐదేళ్లది. రెండు రోజులు సరిగ్గా తినలేదు, గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగింది. రాత్రి పది, బయట వాన. ఒక యాప్‌లో డాక్టరుని చూపించాం. చిగుళ్లు చూపించమన్నారు, గులాబీ రంగులో బాగున్నాయన్నారు. కడుపు తేడా చేసినట్టుంది, పెరుగన్నం పెట్టండన్నారు. మూడో రోజు పొట్ట ఉబ్బింది. ఆస్పత్రిలో స్కాన్ చేస్తే గర్భసంచి నిండా చీము. ఆపరేషన్ టేబుల్ మీదే పోయింది. ఇప్పుడు చెప్పండి, వీడియోలో ఏం చూశారు?

యలహంక వెట్
చాలా బాధగా ఉందండీ. ఒక్కటి అడగొచ్చా? చిన్నికి చివరిసారి హీట్, అంటే ఎద, ఎప్పుడు వచ్చిందని ఆ డాక్టరు అడిగారా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయని ఆడకుక్కకి హీట్ అయిన కొన్ని వారాలకే ఇది ఎక్కువగా వస్తుంది. నీళ్లు ఎక్కువ తాగడం దాని గుర్తుల్లో ఒకటి.

చిన్ని వాళ్లమ్మ
అడగలేదు. అప్పటికి హీట్ అయి నెల దాటింది.

యలహంక వెట్
అయితే తప్పు కెమెరాది కాదండీ, అడగని ప్రశ్నది.

చిన్ని వాళ్లమ్మ
తప్పు ఎవరిదో మీరు తేల్చాల్సిన పని లేదు మేడం. ఎదురుగా ఉన్న డాక్టరైతే పొట్ట మీద చెయ్యి వేసేవారు.

చింతామణి రిటైర్డ్ డాక్టర్
అదే నేను మొదటి నుంచీ చెబుతున్నది. ఈనిన ఆవు పడిపోయి మెడ పక్కకి తిప్పేసుకుని ఉంటే పాల జ్వరమని వీడియోలో నువ్వూ చెబుతావు, నేనూ చెబుతాను. ఆ తర్వాత? కాల్షియం నరంలోకి మెల్లగా ఎక్కించాలి, స్టెతస్కోప్‌తో గుండె వింటూ. తొందరపడితే గుండె ఆగిపోతుంది. ఎన్ని రాత్రులు పాకలో టార్చిలైటు వెలుగులో అలా కూర్చున్నానో! నువ్వేమో ఏసీ గదిలో కూర్చుని మెడ వంపు చెబుతానంటున్నావు. చదివినవాళ్లంతా ఇలా ఫోన్ ముందు కూర్చుంటే రాత్రి రెండింటికి లేచి వచ్చేదెవరమ్మా?

యలహంక వెట్
తొమ్మిదేళ్లు రాత్రి రెండింటికి లేచి వెళ్లింది నేనే సార్.

చెప్పకూడదనుకున్నాను, చెబుతాను. పోయిన ఏడాది పొట్ట మెలిపడిన గ్రేట్ డేన్ కుక్కని తెచ్చారు. వచ్చేసరికే చల్లబడిపోయింది. ఆరు గంటలుగా పొట్ట ఉబ్బుతున్నా ఇంట్లోనే ఉంచుకున్నారు. వాళ్ల తమ్ముళ్లు షట్టర్ దించి నన్నూ మా కాంపౌండర్‌నీ లోపల పెట్టారు. నా ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టారు. తెల్లారాక క్లినిక్ ఓనరు నన్నే సారీ చెప్పమన్నారు. తొమ్మిదింటికి మళ్లీ ఓపీ.

ఇంకోటి. మూడేళ్ల క్రితం ఒక కుక్క కరిచి నా కుడి బొటనవేలి నరం దెబ్బతింది. అరగంట దాటితే సూది పట్టుకోలేను. చిన్ని లాంటి కేసు వస్తే నేను చెయ్యలేను సార్. పక్కవాళ్లని పిలవాలి. మీరు చెయ్యి చెయ్యి అంటున్న ప్రతిసారీ నేను ఈ వేలు చూసుకుంటున్నాను. ఐదున్నరేళ్ల చదువు, తొమ్మిదేళ్ల పని, వీటిని ఏం చేసుకోమంటారు?

హెబ్బాళ విద్యార్థి
మేడం, ఇది మాకు ఎవరూ చెప్పరు.

చింతామణి రిటైర్డ్ డాక్టర్
వేలి సంగతి మొదటే చెప్పి ఉంటే చిగురు పట్టుకుని ఇంత లాగేవాణ్ణి కాదమ్మా. ఏసీ గది అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. గేదె తన్ని నా మోకాలు పోయింది. అయినా రిటైరయ్యేదాకా వెళ్లాను. నువ్వూ అలాగే వెళ్లాలనడం న్యాయం కాదు. కానీ నా భయం అలాగే ఉంది. కుట్లు చూసేవాళ్లు చాలామంది వస్తారు. వేసేవాళ్లు కావాలి.

చిన్ని వాళ్లమ్మ
మేడం, ఇందాక కోపంగా అన్నాను. నేను మాత్రం ఇక వీడియోలో చూపించను. మీరు మొదలుపెడితే ఆడకుక్క అనగానే ముందు హీట్ సంగతి అడగండి.

యలహంక వెట్
అడుగుతానండీ. చిగుళ్ల కంటే ముందు.

చింతామణి రిటైర్డ్ డాక్టర్
క్లినిక్‌లో నీ చోటుకి ఎవరైనా దొరికారా అమ్మా?

యలహంక వెట్
లేదు సార్. రెండు నెలలుగా వెతుకుతున్నారు. ఆదివారం రాత్రి డ్యూటీకి ఇప్పటికీ నేనే వెళ్తున్నాను.