చర్చ: చీలమండ బెణికితే "రైస్" అన్న పాఠం మొదటి ఏడాదిలో ఇంకా చెప్పాలా?

అనాటమీ_మేడమ్: అథ్లెటిక్ ట్రైనింగ్, ఫిజియోథెరపీ పిల్లలకు ఈ ఏడాది రైస్ పాఠం తీసేయాలంటున్నాను. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే నాలుగింటి ఇంగ్లిష్ మొదటి అక్షరాలతో 1978లో ఆ మాట వాడుకలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కినే, ఐస్, పూర్తి విశ్రాంతి గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని 2014లో రాశారు. ఇలాంటి గాయాలకే 2019లో వచ్చిన "పీస్ అండ్ లవ్" అనే కొత్త సూత్రంలో కట్టు, ఎత్తిపెట్టడం ఉన్నాయి, ఐస్ లేదు. ఇంకా ఎందుకు బట్టీ పట్టిస్తున్నాం?

మైదానం_మనిషి: ఐస్ పెడితే నొప్పి తగ్గుతుందా లేదా? ముందు అది చెప్పండి మేడమ్.

అనాటమీ_మేడమ్: తగ్గుతుంది. కానీ నొప్పి తగ్గడం వేరు, గాయం మానడం వేరు.

మూడో_ఏడు: పరీక్షలో ఏది రాస్తే మార్కులేస్తారో చెప్పండి ప్లీజ్.

మైదానం_మనిషి: తగ్గుతుందని మీరే ఒప్పుకున్నారు. కాలు పట్టుకుని అరుస్తున్న ఆటగాడికి మిర్కిన్ ఏ ఏడాది ఏం రాశారో చెప్పమంటారా? ఇరవై నిమిషాలు ఐస్ పెడితే కుదుటపడతాడు.

ఫిజియో_ల్యాబ్: ఇరవై అని అందరికీ ఒకే లెక్క చెప్పకండి సర్. మోకాలి బయటివైపు పెరోనియల్ నరం చర్మం కిందే ఉంటుంది. ఐస్ బిగించి కట్టి వదిలేస్తే నరం దెబ్బతిని పాదం పైకి లేవకుండా పోవచ్చు.

మైదానం_మనిషి: మనం మాట్లాడేది చీలమండ గురించి. మోకాలు ఎక్కడి నుంచి వచ్చింది? ఇరవై నిమిషాలే.

ఫిజియో_ల్యాబ్: పది నిమిషాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టే పద్ధతి కూడా ఉంది.

అనాటమీ_మేడమ్: నిమిషాల గోల ఆపండి! పోయిన ఏడాది నా విద్యార్థిని ప్రాక్టికల్‌లో "ముందు ఎముక విరిగిందేమో చూస్తాను" అంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ "ఐస్ ఏది?" అని సున్నా వేశారు. ఎముక విరిగిందేమోనని ఎక్స్‌రే తీయాలా వద్దా తేల్చే ఒట్టావా నియమాలు 1992 నుంచి ఉన్నాయి. చీలమండ ఎముకల వెనక అంచులో కిందివైపు ఆరు సెంటీమీటర్ల మేర, ఐదో మెటాటార్సల్ (చిటికెన వేలి వైపు పాదం ఎముక) మొదట్లో నొక్కి చూడాలి. నాలుగు అడుగులు వేయగలడా చూడాలి. ఆ అమ్మాయి వేళ్లు సరిగ్గా అక్కడే పెట్టింది. ఐస్‌తో మొద్దుబారాక నొక్కితే ఏం తెలుస్తుంది?

మైదానం_మనిషి: మీరు గ్రౌండ్‌లో అడుగుపెట్టి ఎన్నాళ్లైంది? మీరు పంపిన అబ్బాయి నా దగ్గర కాలు వాస్తున్నా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియదా అంటే "ఐస్‌పై ఆధారాలు బలంగా లేవు సర్" అన్నాడు. కోచ్ అందరి ముందూ తిట్టింది నన్ను. మీరు పుస్తకం మూసి ఇంటికెళ్తారు, మాట పడేది మేము.

కొత్త_లెక్చరర్: ఇద్దరూ కొంచెం నెమ్మదిగా...

అనాటమీ_మేడమ్: నెమ్మదిగా ఏంటి? ఆ అబ్బాయికి మీరు ఏమైనా చెప్పారా సర్, తిట్టడం తప్ప? లాగ్‌బుక్‌లో గంటలు నిండాయని సంతకం పెడతారు. వాడి వేలు ఎముక మీద ఉందో, కండరం మీద ఉందో ఒక్కసారైనా చూశారా?

మైదానం_మనిషి: ఒకేసారి ఆరుగురిని పంపిస్తారు. మ్యాచ్ చూడాలా, మీ పిల్లల వేళ్లు చూడాలా? నేర్పినందుకు నాకు జీతమూ లేదు, టైమూ లేదు. అందుకే ఐస్ అంటున్నాను. పక్కన ఎవరూ లేకపోయినా పిల్లాడు పెద్దగా హాని చేయకుండా చేయగల పని అదొక్కటే.

ఫిజియో_ల్యాబ్: అంటే సమస్య ఐస్ కాదన్నమాట.

అనాటమీ_మేడమ్: పక్కన ఎవరూ లేని చోటికి మొదటి ఏడాది పిల్లల్ని పంపకూడదనే నేనూ అంటున్నాను.

మైదానం_మనిషి: అయితే ఇద్దరికి మించి పంపకండి. ఆ నాలుగు అడుగులూ, నొక్కే చోట్లూ ల్యాబ్‌లోనే చేతికి అలవాటు చేసి పంపండి. ఐస్ సంగతి నేను చూసుకుంటాను.

అనాటమీ_మేడమ్: ఇద్దరంటే సరే, డిపార్ట్‌మెంట్‌లో అడుగుతాను. కానీ "నేను చూసుకుంటాను" అంటే ఒప్పుకోను. ఐస్ ఎప్పుడు పెట్టాలో, ఎందుకు పెట్టాలో పిల్లలే చెప్పగలగాలి.

మూడో_ఏడు: మేడమ్, మరి ఈసారి ప్రాక్టికల్‌కి ఎగ్జామినర్ మళ్లీ ఆయనేనా?