‘బగ్గర్’ అంటే అసలేంటి? ఎంత బూతు?

ప్రశ్న:
బ్రిటిష్ సీరియళ్లలో ‘బగ్గర్ ఆఫ్’, ‘బగ్గర్ ఆల్’, ‘పూర్ బగ్గర్’ అంటూ ఒకే మాటని తిట్టుకీ జాలికీ వాడేస్తుంటారు. అసలు అర్థం ఏంటి? సాఫ్ట్‌వేర్ ‘బగ్’కి చుట్టమా?

జవాబు 1:
బగ్‌తో సంబంధం లేదు. దీని పుట్టిల్లు బల్గేరియా. 10వ శతాబ్దంలో అక్కడ బోగొమిల్ అనే క్రైస్తవ శాఖ లేచింది. ఈ భౌతిక లోకం సైతాను పని, అందులోకి పిల్లల్ని కనడం కూడా తప్పే అనేవాళ్లు. చర్చి వాళ్లని మతద్రోహులంది. లాటిన్‌లో బల్గేరియావాణ్ని ‘బుల్గారుస్’ అంటారు, ఫ్రెంచిలో అది ‘బూగ్ర్’ అయింది. దక్షిణ ఫ్రాన్సులో ఇలాంటి నమ్మకాలే ఉన్న కథార్లు అనే శాఖకీ అదే పేరు అంటించారు. పిల్లలు వద్దనేవాళ్లు పడకలో ఇంకేదో చేస్తుంటారని పుకారు పుట్టించారు. అలా మతద్రోహి కాస్తా గుదమైథునం చేసేవాడయ్యాడు. గిట్టనివాడి మీద వేసే నింద ఎప్పుడూ అక్కడికే పోతుంది కదా.

జవాబు 2:
ఆ తర్వాత చట్టంలోకి ఎక్కింది. 1533లో ఎనిమిదో హెన్రీ కాలంలో వచ్చిన బగ్గరీ చట్టం ప్రకారం మనిషితో చేసినా జంతువుతో చేసినా ఉరే. ఈ నేరానికి ఇంగ్లండ్‌లో ఆఖరి ఉరి 1835లో, మరణశిక్ష తీసేసింది 1861లో. మన ఐపీసీ 377 ఆ వంశానిదే, కాకపోతే అందులో ‘బగ్గరీ’ అన్న మాట ఉండేది కాదు, ‘ప్రకృతి విరుద్ధం’ అని ఉండేది. ఇష్టపడ్డ పెద్దవాళ్ల విషయంలో 2018లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, 2024లో ఐపీసీయే పోయింది.

జవాబు 3:
ఇప్పటి వాడుకలో ఆ అర్థం దాదాపు ఎవరికీ గుర్తుండదు. మన ‘దొబ్బు’తో పోల్చుకుంటే సులువు. ‘బగ్గర్ ఆఫ్’ అంటే దొబ్బెయ్. ‘ఇంజిన్ ఈజ్ బగ్గర్డ్’ అంటే ఇంజిన్ దొబ్బింది. మనిషిని ‘బగ్గర్డ్’ అంటే మాత్రం బాగా అలిసిపోయాడని. ‘బగ్గర్ ఆల్’ అంటే ఏమీ లేదు, బొక్క. ‘పూర్ ఓల్డ్ బగ్గర్’లో తిట్టే లేదు, పాపం అని అంతే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఇంకా తేలిక: 1999లో టొయోటా హైలక్స్ టీవీ ప్రకటనలో దాదాపు ఈ ఒక్క మాటే డైలాగు.
ఉత్తర ఇంగ్లండ్ వాళ్ల నోట ఇది అచ్చం ‘బుగ్గ’లా వినిపిస్తుంది, కంగారుపడకండి.

ప్రశ్న అడిగినవారు:
సాఫ్ట్‌వేర్ బిల్డ్ పాడైతే టీమ్ చాట్‌లో ‘బిల్డ్ బగ్గర్డ్’ అని రాయొచ్చా?

జవాబు 3:
వద్దు. పక్క సీటువాడితో నోటిమాటగా అంటే నవ్వేస్తాడు, రాతలో మాత్రం మోటుగా కనిపిస్తుంది. ‘బ్రోకెన్’ చాలు. ‘బగ్గర్ ఆఫ్’ మాత్రం బాస్‌తో నోటితో కూడా అనకండి, అది నేరుగా మనిషికి తగిలే తిట్టు.